మూడో ఛానెల్: సక్రమం

నమోదు 598, సోమవారం

ఛానెల్ గది పుస్తకంలో ముందు వైపు పేజీలు మంచె కోసం. రోజుకు నాలుగు గీతలు, నాలుగు ఛానెళ్ళు ఎలా పనిచేశాయో రాయాలి. వెనక వైపు నుంచి నా సంగతులు రాసుకుంటాను. ఈ పుస్తకం నేను తప్ప తెరిచేవాళ్ళు లేరు కాబట్టి ఇంతవరకూ అడిగినవాళ్ళూ లేరు.

పొద్దున్నే ఏంటెన్నాల మీద ఉప్పు తుడిచాను. రెండు రోజులు వదిలేస్తే తెల్లగా పెచ్చు కట్టి తుఫాను కబురు గరగరలాడుతుంది. తరవాత నాలుగో ఛానెల్ వంతులు రాసి తలుపుకు అంటించాను. ఒడ్డు మీద బతికిన రోజుల్లో గాలిలో లెక్కలేనన్ని దారులు ఉండేవట. ఒడ్డు మునిగి, ఒకప్పుడు గ్యాసు తవ్విన ఈ ఇనప మంచెల మీదికి మా వాళ్ళు ఎక్కాక, ఉప్పు తినెయ్యగా మిగిలిన రేడియో సెట్లు నాలుగు దారులకే సరిపోయాయి. ఒకటోది తుఫానుకు, రెండోది ఆసుపత్రికి, మూడోది నీళ్ళలోకి దిగేవాళ్ళకు. మిగిలిన లోకమంతా నాలుగోదాంట్లో సర్దుకోవాలి. పిల్లల పాఠాలు, పడవల రాకపోకలు, తూర్పు మంచె అత్తకూ నడి మంచె కోడలికీ తగువులు. వాటి సందుల్లో నా సంగీతం.

నాది భుజానికి తగిలించుకునే కీబోర్డు. మూడు మంచెల మధ్య వంతెనల మీద నడుస్తూ, జనంలో తిరుగుతూ వాయిస్తాను. దాని లోపల పాటేమీ ఉండదు. ఏ మెట్టు నొక్కాను, ఎంత గట్టిగా నొక్కాను, ఎప్పుడు వదిలాను, ఈ కబుర్లు మాత్రమే గాలిలోకి పంపుతుంది. స్వరం పుట్టేది మంచెల మీద బిగించిన స్పీకరు పెట్టెల్లో. నొక్కానన్న కబురు తప్పిపోతే స్వరం పలకదు. వదిలానన్న కబురు తప్పిపోతే పలికిన స్వరం ఆగదు.

పోయిన వారం కొత్త వాననీళ్ళ తొట్టి తెరిచిన రోజు అదే జరిగింది. సరిగ్గా అప్పుడే ఎవరో పడవ మనిషి నాలుగో ఛానెల్‌లో మాట్లాడాడు. ఒక పంచమం ఇరుక్కుపోయింది. మెట్లన్నీ నొక్కాను, వదిలాను, చివరికి కీబోర్డు ఆపేశాను. పెట్టెలు మాత్రం ఊఁ అంటూనే ఉన్నాయి. దానియేలు గారు వెళ్ళి కరెంటు తీసేదాకా అది ఆగలేదు. ఆయన మంచె కూటానికి పెద్ద. నవ్వని మనిషి. ఆ రోజు ఆయన కూడా నవ్వారు.

అప్పటినుంచి వంతెన మీద పిల్లలు నన్ను చూస్తే ముక్కులోంచి ఊఁ అంటున్నారు. ముప్పై ఆరేళ్ళ మనిషిని, పిల్లల వెక్కిరింతకు అన్నం సహించకపోవడం ఏమిటి? కానీ సహించడం లేదు.

ఛానెళ్ళు నాలుగూ సక్రమం.

నమోదు 601, గురువారం

వచ్చే ఆదివారం ఒడ్డు వదిలిన రోజు. ఏడాదికి ఒక్కసారి మూడు మంచెల జనమూ ఒకచోట చేరతారు. నాలుగు వందల పైచిలుకు. ఈసారి ఉత్తరాన దూరంగా ఉన్న మంచెల వాళ్ళు కూడా పడవల మీద వస్తారట. దానియేలు గారు పిలిచి, "పాట నువ్వే కదా రత్నం. ఈసారైనా తిన్నగా సాగుద్దా?" అన్నారు. ఆయన మామూలుగానే అడిగారు. నాకు మాత్రం చెవులు కాలాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ నీళ్ళలో ఎవరూ ఉండరు. ఆ గంటలో ఒక పరీక్ష చేశాను. కీబోర్డు వెనక ఛానెల్ మార్చే చిన్న మీట ఉంది. మూడో అంకె మీద రెండేళ్ళ కిందట నేనే లక్క కరిగించి పోశాను, దిగేవాళ్ళ ఛానెల్‌లోకి పొరపాటున కూడా ఎవరూ పోకూడదని. గోరుతో గీరితే ఊడొచ్చింది.

మూడో ఛానెల్ ఎంత ఖాళీగా ఉంటుందో అప్పుడు తెలిసింది. అరగంట వాయించాను. వేళ్ళు ఎంత వేగంగా పరిగెత్తించినా ఒక్క స్వరం రాలలేదు, ఒక్కటి ఇరుక్కోలేదు. వేలికీ స్పీకరు పెట్టెకూ మధ్య సముద్రం లేనట్టు ఉంది. మూడు మంచెలకూ అందాలని పంపే బలం కూడా పెంచి చూశాను. పన్నెండేళ్ళుగా వాయిస్తున్నాను, నా చేతిలో ఇంత పాట ఉందని నాకే తెలియదు.

ఒడ్డు వదిలిన రోజు ఎవరూ నీళ్ళలోకి దిగరు. ఒడ్డుతో పాటు పోయినవాళ్ళు ఆ రోజు నీళ్ళలో తిరుగుతారని పెద్దల నమ్మకం. అంటే ఆదివారం మూడో ఛానెల్ ఎవరికీ పనికిరాకుండా పడి ఉంటుంది. ఒక్క రోజు వాడుకుని మళ్ళీ లక్క పోసేస్తాను.

నమోదు 604, ఆదివారం

ఒక్క స్వరం రాలలేదు.

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాను. తూర్పు మంచె నుంచి వంతెన మీదుగా నడి మంచెకు వాయిస్తూ వచ్చాను. జనం నా వెనకే నడిచారు. మూడు మంచెల పెట్టెలూ ఒక్క గొంతులా పలికాయి. చివరి పాట పన్నెండు నిమిషాలు. ఎడమ చేత్తో ఒకే నడక ఆగకుండా సాగుతుంది, కుడి చెయ్యి దాని మీద ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అది ముగిశాక అందరూ చప్పట్లు కొట్టారు. ఉత్తరపు మంచెల నుంచి వచ్చిన ఒక ముసలాయన నా రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు.

అప్పుడే కింద దిగుడురేవు దగ్గర కేకలు వినిపించాయి.

పొద్దున్న వచ్చిన పోటుకు నాచు తాళ్ళ లంగరు ఒకటి తెగిందట. అలాగే వదిలేస్తే ఆరు నెలల నాచు కొట్టుకుపోతుందని ధనరాజు దిగాడు. కామాడి ధనరాజు, ఇరవై తొమ్మిదేళ్ళవాడు, మా దిగేవాళ్ళలో అందరికన్నా నెమ్మది మనిషి. పద్దెనిమిది బారల లోతులో ఉండగా అతని గాలి సీసా మూత కారడం మొదలైంది. ఇంకో సీసా పంపమని పైకి పిలిచాడట. ఎవరూ పలకలేదు. తాడు లాగుదామంటే అది నాచులో చిక్కుకుంది. అంత లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఆగి రావాలి, లేకపోతే రక్తంలో గాలి బుడగలు కట్టి ఒళ్ళు చచ్చుబడుతుంది. ఆగడానికి గాలి లేదు. ఒక్కసారిగా వచ్చేశాడు. రేవు మీదికి లాగేసరికి నడుము కింద స్పర్శ లేదు. ఆసుపత్రి మంచెకు మోసుకెళ్ళి ఒత్తిడి గదిలో పెట్టారు.

ఒకటో ఛానెల్ సక్రమం. రెండు సక్రమం. నాలుగు రద్దీ.

మూడో ఛానెల్: సక్రమం.

నమోదు 605, సోమవారం

దానియేలు గారు పొద్దున్నే ఛానెల్ గదికి వచ్చారు. వెంట భద్రమ్మ పెద్దమ్మ.

దిగినవాళ్ళ మాట వినడానికి రేవులో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునే పనిని మేము చెవికాపు అంటాం. పెద్దమ్మ ఇరవై రెండేళ్ళుగా చెవికాపు. మా అమ్మకు వరసకు అక్క. అమ్మ పోయాక నాలుగేళ్ళు నేను ఆమె వండిన అన్నమే తిన్నాను.

"రత్నం, నిన్న మూడో ఛానెల్ ఎలాగుంది?" అన్నారు దానియేలు గారు.

పుస్తకం తెరిచి చూపించాను. నా చేతిరాతే. ఆయన గీత మీద వేలు పెట్టి చదివారు.

"మరి ఆడు నాలుగు సార్లు పిలిచేనంటున్నాడు భద్రమ్మా."

"నాకు ఇనబడలేదండి," అంది పెద్దమ్మ. "రొయ్యల సప్పుడు ఇనబడతానే ఉంది. టిక్కు టిక్కుమని. అది ఇనబడతంటే లైను బతికే ఉందనుకున్నాను. ఈడు పిలిస్తే ఇనబడదేటి అనుకున్నాను."

నీళ్ళ అడుగున రొయ్యలు చిటికెలు వేసినట్టు చప్పుడు చేస్తాయి. దిగినవాడి మైకు తీగ నీళ్ళ మీద తేలే సెట్టుకు కలిసి ఉంటుంది, దాంట్లోంచి అది ఎప్పుడూ వినబడుతుంది. చెవికాపు వాళ్ళందరికీ అది అలవాటు.

"నిన్న పండగ. పొద్దున్నించీ పన్లు. మధ్యాన్నం తిండి తిన్నావు," అన్నారు దానియేలు గారు మెల్లగా. "నీకు అరవై మూడు."

పెద్దమ్మ నా వైపు చూసింది. నేనేదైనా అంటానని కాబోలు. పుస్తకం మూశాను.

ఇవాళ్టి నుంచి ఆమెను రేవు పని నుంచి తప్పించారు.

నమోదు 608, గురువారం

ధనరాజును ఒత్తిడి గదిలోంచి మంచం మీదికి మార్చారు. కుడి కాలి బొటనవేలు కొంచెం కదుపుతున్నాడట. ఎడమ కాలు కదలడం లేదు. అందరూ చూసి వస్తున్నారు, నేను వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. ఎండు చేపల పచ్చడి పట్టుకెళ్ళాను. ఆ సీసా చేతిలో బరువుగా ఉంది.

"రా అక్కా," అన్నాడు. "నీ పాట బెమ్మాండంగా వచ్చిందంట కదా. ఇనలేకపోయేను."

నర్సమ్మ బయటికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"నీకు సప్పుళ్ళ సంగతి తెలుసు కాబట్టి అడుగుతున్నాను. కింద ఉన్నప్పుడు సెవిలో ఏదో కొట్టుకుంది. అందరూ రొయ్యలంటున్నారు. లోతులో మతి తిరిగుంటదంటున్నారు. నేను తొమ్మిదేళ్ళనించి దిగుతున్నాను, రొయ్యలు నాకు కొత్తేటి? రొయ్యలు ఇష్టమొచ్చినట్టు కొడతాయి. ఇది అలా కాదు. ఇదిగో, ఇను."

మంచం ఇనప పట్టీ మీద వేలి కణుపుతో కొట్టాడు. రెండు దగ్గర దగ్గరగా, ఒకటి ఎడంగా, మళ్ళీ రెండు, తరవాత మూడు గబగబా. ఆగకుండా మళ్ళీ అదే. నొక్కిన టిక్కూ వదిలిన టిక్కూ రెండూ ఉన్నాయి. నా ఎడమ చేతి నడక. చివరి పాట.

"గాలైపోతందని తెలిసినా దీన్నే ఇంటా ఉండిపోయేను కాసేపు," అన్నాడు. "ఎవరో పైనించి ఏదో సెప్తన్నారనుకున్నాను. ఇదేటక్కా?"

"తెలీదు తమ్ముడూ," అన్నాను.

పచ్చడి సీసా కిటికీలో పెట్టి వచ్చేశాను. వంతెన మీద ఒకామె ఆపి, ఆదివారం పాట మళ్ళీ ఎప్పుడని అడిగింది.

నమోదు 609, శుక్రవారం

ఆదివారం నాటి నమోదులో ఒకటి రాయలేదు. ఈ వెనక పేజీల్లో కూడా రాయలేకపోయాను. నాకు నేను అబద్ధం చెప్పుకోని చోటు ఇంకొకటి లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నేను జెండా చూశాను.

మనిషి నీళ్ళలో ఉన్నంతసేపూ దిగుడురేవు మీద పసుపు జెండా ఎగరాలి. చివరి పాట ఎత్తుకోబోతూ నడి మంచె అంచుకు వచ్చాను. కిందికి చూస్తే జెండా ఎగురుతోంది. పక్కన పెద్దమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకుని వంగి కూర్చుని ఉంది. పడుకోలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. వినేవాళ్ళు తల ఎలా పెడతారో అలా పెట్టుకుని ఉంది. నేను ఆమెను చూశాను.

మీట నా నడుము దగ్గరే ఉంది. బొటనవేలితో నాలుగులోకి తోసేస్తే అయిపోయేది. నాలుగులోకి పోతే ఏదో ఒక స్వరం ఇరుక్కునేది, ఉత్తరపు మంచెల వాళ్ళ ముందు, నాలుగు వందల మంది ముందు. పన్నెండు నిమిషాలే కదా అనుకున్నాను. అతను పిలవాల్సిన అవసరం రాదులే అనుకున్నాను. అనుకున్నానని కూడా చెప్పలేను. అనుకోవడానికి పట్టేంతసేపు ఆగలేదు. ఎడమ చెయ్యి మొదలుపెట్టేసింది.

తెలియక చేసిన తప్పయితే మొదటి రోజే చెప్పేదాన్నేమో. తెలిసి చేశాను కాబట్టి నోరు రావడం లేదు.

ఇవాళ మూడో అంకె మీద మళ్ళీ లక్క పోశాను. కొంచెం మీట మీద కూడా పడింది.

నమోదు 612, సోమవారం

పెద్దమ్మ వచ్చింది. తల దువ్వుకోలేదు. ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు.

"నా సెవులు సూడే రత్నం," అంది. "నీ కాడ సిన్న సిన్న సప్పుళ్ళు సేసే పెట్టె ఉంది కదా. ఇనబడతన్నాయో లేదో తేల్చీ. సెవులు పోయుంటే పోయేయని సెప్పీ. అందరికీ అదే సెప్పుకుంటాను."

వద్దనడానికి కారణం దొరకలేదు. కీబోర్డును గదిలోని చిన్న పెట్టెకు కలిపాను. పెద్దమ్మకు హెడ్‌ఫోన్ పెట్టాను. వినబడినప్పుడల్లా వేలెత్తమన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది.

మామూలుగా నొక్కాను. వేలెత్తింది. మెల్లగా నొక్కాను. ఎత్తింది. పెట్టె గొంతు సగానికి తగ్గించాను, మళ్ళీ సగానికి. పై స్వరాలు, కింది స్వరాలు, ఆమె వేలు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. చివరికి నాకే వినబడనంత తగ్గించి, మెట్టు మీద వేలు ఆనీ ఆననట్టు ఆనించాను. ఎత్తింది.

"ఇప్పుడేదీ నొక్కలేదు కదా నువ్వు," అంది కాసేపాగి. నిజమే, ఆ తరవాత ఏదీ నొక్కలేదు. ఆమె ముఖం చూస్తూ ఉండిపోయాను.

హెడ్‌ఫోన్ తీసి, "ఎలాగున్నాయి?" అంది.

"బాగున్నాయి పెద్దమ్మా. నా చెవులకన్నా బాగున్నాయి."

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ఒళ్ళో చేతులు చూసుకుంది.

"అయితే నిద్దరే పోయుంటాను," అంది. "రొయ్యలు కలలో ఇన్నానేమో. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ కునకలేదు. కునికినోళ్ళకి కునికినట్టు తెలీదంటారు కదా. నువ్వే రాసీ ఆ పుస్తకంలో, భద్రమ్మ నిద్దరోయిందని. నాకు రాత రాదు. రేపెల్లి ఆ బాబు కాళ్ళట్టుకుంటాను."

ఆమె మెట్లు దిగి వెళ్ళేదాకా తలుపు దగ్గర నిలబడ్డాను. పిలవడానికి ఎంతో సమయం ఉంది. ఒక్కో మెట్టుకూ కడ్డీ పట్టుకుని దిగుతుంది ఆమె. పదహారు మెట్లు. పిలవలేదు.

ముందు వైపు పేజీలో ఆమె రాయమన్నది రాయలేదు. నా మంచితనం అంతవరకే పనిచేసింది.

నమోదు 613, మంగళవారం

పొద్దున్న ఏంటెన్నాలు తుడవకుండా ఆసుపత్రి మంచెకు వెళ్ళాను. నేను వెళ్ళేసరికే పెద్దమ్మ అక్కడుంది. మంచం కాళ్ళ వైపు నేల మీద కూర్చుని, ధనరాజు రెండు పాదాలూ పట్టుకుని, నుదురు వాటికి ఆనించింది. ఏదో అంటోంది. దుప్పటిలోకి అంటున్నట్టు ఉంది, మాటలు తెలియడం లేదు.

ధనరాజుకు ఏం చెయ్యాలో తోచలేదు. మోచేతుల మీద లేవబోయి పడ్డాడు.

"లే పెద్దమ్మా," అన్నాడు. "నువ్వు పట్టుకున్నట్టు నాకు తెలీటం లేదు. సూత్తేనే తెలుత్తంది."

అతను ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నదే చెప్పాడు. పెద్దమ్మ చేతులు వెనక్కి తీసుకుంది, కాలినట్టు.

"ఆ చప్పుడు రొయ్యలది కాదు," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. మంచం దగ్గరకు వెళ్ళి ఇనప పట్టీ మీద కొట్టాను. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా, రెండు, మూడు. అతను కొట్టినదానికన్నా నేను సరిగ్గా కొట్టాను. కొడుతూ ఉండగానే అది తను విన్న చప్పుడేనని అతనికి అర్థమైపోయింది.

"అదే," అన్నాడు. "అదే కదా. నీకెలా తెలుసు?"

చెప్పాను. లక్క గీరడం దగ్గర్నుంచి చెప్పాను. బలం పెంచడం చెప్పాను. నా కీబోర్డు నొక్కులు అతని పిలుపు మీద పడి మింగేశాయనీ, పెద్దమ్మ విన్నది రొయ్యలను కాదు నన్ననీ చెప్పాను. జెండా చూశానని చెప్పాను. పెద్దమ్మ మెలకువగా ఉండడం చూశానని చెప్పాను. అది చెప్పేటప్పుడు మాత్రం గోడ వైపు చూశాను.

ధనరాజు పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

"నన్ను పాటేసి కొట్టేవన్నమాట," అన్నాడు చివరికి. తరవాత, "ఎల్లక్కా. ఇప్పుడు ఎల్లు."

పెద్దమ్మ నేల మీంచి లేవలేకపోతోంది. చెయ్యి అందించాను. పట్టుకోలేదు. మంచం కోడు పట్టుకుని లేచింది.

నమోదు 614, బుధవారం

మంచె కూటం నిన్న సాయంత్రం సమావేశమైంది. నేనే పిలవమన్నాను. ధనరాజును మడత మంచం మీద తెచ్చారు. ఈ పుస్తకం వెనక వైపు నుంచి తెరిచి చదివాను. 598 నుంచి 613 దాకా, ఏదీ వదలకుండా. పిల్లలు ఊఁ అన్న చోట వెనక ఎవరో చిన్నగా నవ్వి ఆగిపోయారు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

చదవడం అయ్యాక దానియేలు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"నేనూ నీ గీత సూసే ఆవిణ్ణి తీసేసేను," అన్నారు. "మైకులు, సెట్లు ఏవీ సూడలేదు. ఆవిడ ముసిలిదని సూసేను. భద్రమ్మా, నువ్వు రేపట్నించి రేవుకొచ్చీ."

పెద్దమ్మ లేచింది. దానియేలు గారితో కాదు, నాతో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"తొమ్మిది రోజులే రత్నం. తొమ్మిది రోజులు నా మీద నాకు నమ్మకం లేకుండా సేసేవు. కూకున్న కాడే నిద్దరోతానేమోనని మనవరాలిని ఎత్తుకోటం మానేసేను. అది ఏడుత్తా చేతులు సాపితే లోపలికి ఎల్లిపోయేదాన్ని. నిన్న నా సెవులు సూసేవు కదా. సూత్తా కూడా సెప్పలేదు." కొంచెం ఆగి, "రేవుకొత్తాను. నువ్వు మాత్రం నా పక్కకి రాకు," అంది.

ఛానెల్ గది తాళం తీసుకున్నారు. ఇక మంచెల మీద వాయించకూడదన్నారు. కీబోర్డును పగలగొట్టాలని ఎవరో అన్నారు. దానియేలు గారు ధనరాజును అడిగారు.

"దాన్నేటి సేత్తారు," అన్నాడు అతను. "అది పంపమన్నది పంపింది."

దాన్ని బడికి ఇచ్చేశారు, నాలుగో ఛానెల్‌లో తప్ప పనిచెయ్యకుండా బిగించి.

ముందు వైపు 604వ నమోదులో మూడో గీత కొట్టేశాను. చెరపలేదు, కింద మాట కనబడేలా ఒక్క గీత పెట్టాను. పక్కన ఇలా రాశాను: మూడో ఛానెల్‌ను మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా ఛానెల్ గది మనిషి ఓలేటి నూకరత్నం తన కీబోర్డుతో ఆక్రమించింది. చెవికాపు భద్రమ్మ మెలకువగా ఉంది.

పుస్తకం అప్పగిస్తున్నాను.

నెంబరు లేని కాగితం, ఒడ్డు వదిలిన రోజు తరవాత యాభై రెండో రోజు

నాకిప్పుడు పుస్తకం లేదు. నాచు కడిగే చోట తడిసి పనికిరాని చీటీల వెనక రాస్తున్నాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నాచు కడుగుతాను. నా పక్కన కడిగేవాళ్ళు మొదట్లో ఎడంగా జరిగేవాళ్ళు. ఇప్పుడు జరగడం లేదు, మాట్లాడడమూ లేదు. ఒకామె మాత్రం ఒకసారి, తల ఎత్తకుండానే, "ఆ రోజు మేమూ కొట్టేం కదా సప్పట్లు," అంది. ఎందుకందో నాకు తెలియదు. నాకు అది ఊరటగా అనిపించలేదు, ఆమెకూ అనిపించినట్టు లేదు.

పది రోజుల కిందట ధనరాజు కబురు పంపాడు. నడక నేర్పేటప్పుడు పక్కన మనిషి ఉండాలట, వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులట. ఆసుపత్రి మంచెలో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పిలిచాడో అడగలేదు. మధ్యాహ్నం పని అయ్యాక రోజూ వెళ్తున్నాను.

మొదటి రోజు అతను తూలితే చెయ్యి చాపాను.

"చెయ్యియ్యకు," అన్నాడు. "పక్కన నడు సాలు. పడితే అప్పుడు సూద్దాం."

కుడి కాలు బాగానే వేస్తున్నాడు. ఎడమ కాలు ఈడుస్తున్నాడు. అది ఇక అంతేనని డాక్టరు చెప్పాడు. మళ్ళీ నీళ్ళలోకి దిగలేడు. ఆ మాట అతనే నాకు చెప్పాడు, వాతావరణం సంగతి చెప్పినట్టు. చెప్పి నా ముఖం చూశాడు. తల దించుకోబోయాను. దించుకుంటే అతను నన్ను ఓదార్చాల్సి వస్తుందని అనిపించి, దించుకోలేదు. ఈ యాభై రోజుల్లో సిగ్గు గురించి నేను నేర్చుకున్నది అదొక్కటే. దాన్ని ఎదుటివాళ్ళ చేతిలో పెట్టకూడదు.

ఇవాళ ఆసుపత్రి గుమ్మం దాటి బయటికి నడుస్తానన్నాడు. వంతెన దాటి, దిగుడురేవు పక్కనుంచి తిరిగి రావాలని. జనం పనులాపి చూశారు. అతన్నీ చూశారు, అతని పక్కన నన్నూ చూశారు. నూట నలభై అడుగులు. మధ్యలో మూడు సార్లు ఆగాడు.

రేవు దగ్గరికి వచ్చేసరికి పసుపు జెండా ఎగురుతోంది. కింద ఎవరో ఉన్నారు. పెద్దమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి కూర్చుంది. ఆమె కాళ్ళ దగ్గర మనవరాలు గవ్వలు ఆడుకుంటోంది. పక్కకు రావద్దన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాను. ధనరాజు కూడా ఆగాడు, ఊత కర్ర ఇనుము మీద టక్కుమంది.

పెద్దమ్మ మా వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తింది. చప్పుడు చెయ్యొద్దని.

ఇద్దరం అలాగే నిలబడ్డాం. ధనరాజు కుడి కాలు వణకడం కనబడుతోంది. కూర్చోమని సైగ చేశాను, తల అడ్డంగా ఊపాడు. ఎంతసేపో తెలియదు. ఎండ భుజం మీంచి మెడ మీదికి వచ్చింది. ఎవరి పిలుపు మీదా మా ఊపిరి కూడా పడకూడదన్నట్టు నిలబడ్డాం.

నీళ్ళలోంచి ఒక తల పైకి వచ్చింది. రేవు మీది మనుషులు ఆ దిగిన పిల్లను పైకి లాగారు. ఆమె ముఖానికున్న అద్దం తీసి నవ్వింది. పెద్దమ్మ అప్పుడు హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుంది, జెండా దించింది, మనవరాలిని ఒళ్ళోకి తీసుకుంది.

కూటం రోజు తరవాత ఆమె నాతో మాట్లాడింది అప్పుడే.

"ఊఁ. ఇంక నడవండి," అంది.